కుంచెతో తాకిన పూలు

2013 మార్చిలో ఆఫీసు పనిమీద ఇంగ్లండ్‌లోని వాట్‌ఫర్డ్ వెళ్లి, సుశీల ఆంటీ ఇంట్లో అద్దెకున్నాను. పెరట్లో ఇటుక గోడకు ఆనించి పెంచిన పీచ్ చెట్టు, ఒక్క ఆకూ లేకుండా, ఒళ్లంతా గులాబీరంగు పూలతో ఉంది.

ఆంటీ నా చేతికి మెత్తటి కుంచె ఇచ్చారు.

"ఈ చలికి తేనెటీగలు రావమ్మా. పుప్పొడి అంటిస్తూ పువ్వు పువ్వుకీ మనమే తిరగాలి. ఏటా అంకుల్ చేసేవారు. ఆయన పోయాక నేను గార్డెన్‌లోకే రాలేదు."

పల్చటి ఎండలో, కలలో నడుస్తున్నట్టు, ఒక్కో పువ్వునూ తాకాను.

వంటింటి అరలో పీచ్ ముక్కలు పాకంలో ఊరుతున్న సీసాలున్నాయి. ప్రతి లేబుల్ మీదా సంవత్సరం, కింద అంకుల్ పేరు.

"ఇవీ అంకులే చేశారా?"

"పాకం పట్టింది నేనే. పూలని తాకింది ఆయన కదా!"

నేను హైదరాబాద్ తిరిగొచ్చాక, సెప్టెంబరులో ఆంటీ ఒక ఫోటో పంపారు. ఆ సీసాల పక్కనే కొత్త సీసా. లేబుల్ మీద నా పేరు.