అరవై రెండో పేజీ

కటక్‌లో మధ్యాహ్నం పఖాళన్నం, అదే నీళ్ళు పోసిన చద్దన్నం, తిన్నవాడెవడూ మెలకువగా ఉండడు. మా నటవర పరిజా బాబు కూడా వాలుకుర్చీలో కళ్ళు మూసుకునేవారు, కాని నిద్రపోయేవారు కారు. లోపల్లోపల కేసు కాగితాలు తిరగేస్తుండేవారు. ముప్ఫై ఏళ్ళు ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్నాను. పెదవుల కదలిక చూసి ఏ పేజీలో ఉన్నారో చెప్పగలను.

పై కోర్టులో ముద్దాయి కనబడడు, సాక్షీ కనబడడు. అంతా కాగితమే. గవర్నమెంటు ప్లీడరుగా పన్నెండేళ్ళు చేసి ఎంతమందిని జైలుకు పంపారో, బాబు ఒక్కడి మొహమూ ఎరగరు. పద్ధతే అంత.

ఆ పదవి వదిలేసిన ఏడాది ఎండాకాలంలో ఝరణా వచ్చింది. ఆమె భర్త కుళమణి కాఠజోడి ఏట్లో చేపలు పట్టేవాడు. హత్య కేసులో కింది కోర్టు అతన్ని వదిలేస్తే, బాబు అప్పీలు వాదించి యావజ్జీవం వేయించారు. ఆరేళ్ళకు ఇప్పుడు ఢిల్లీ సుప్రీం కోర్టులో వాదన వచ్చింది.

"మా తరఫున మీరే నిలబడాలి బాబూ."

"ఆ కేసులో నేను అవతలివాణ్ణమ్మా. కుదరదు."

"మా ఒడ్డు కోసుకుపోయేది అవతలి ఒడ్డునున్నోళ్ళకే కదా బాబూ కనబడేది."

నాకు ఒళ్ళు మండింది. బాబు మాత్రం కళ్ళు మూసుకుని ఎటో తేలిపోయారు. పెదవులు అరవై రెండో పేజీ దగ్గర ఆగాయి. అందులో సాక్షి మాట: "చీకటి. మొహం కనబడలేదు. నరికేస్తానని అరిచిన గొంతును బట్టి పోల్చుకున్నాను." ఆనాడు కోర్టులో బాబు ఆ పేజీ చదవకుండా దాటేశారు. కుళమణి ప్లీడరూ చూసుకోలేదు.

"మీ ఆయన ఎలా ఉంటాడమ్మా?" కలలోంచి అడిగినట్టు అడిగారు.

"పొట్టిగా ఉంటాడు. నత్తి. కోపమొస్తే ఆ మాటా రాదు. కోర్టులో పేరు చెప్పలేక అవస్థ పడుతుంటే జడ్జిగారే మంచినీళ్ళు ఇప్పించారు."

ముద్దాయిని చూస్తే నమ్మబుద్ధి కాలేదన్న ఆ కింది కోర్టు జడ్జి తీర్పు చదివి, ఈయన కలలు కంటాడా ఏమిటని బాబు ఒకప్పుడు నవ్వారు. కాగితం మీద నత్తి పడదు. ఆ జడ్జి మనిషిని విన్నాడు.

ఆ సాయంత్రమే ఢిల్లీలో కుళమణి తరఫు ప్లీడరుకు ఉత్తరం రాశారు. ఆ పేజీ కోర్టుకు వినిపించకుండా దాటేసింది తానేనని, కింద సంతకంతో.

"ఇన్నేళ్ళ పేరు గంగలో కలుస్తుంది బాబూ," అన్నాను.

"కలవనీ. ముందు పోస్టు చెయ్యి."

మరుసటి ఫాల్గుణంలో కుళమణి విడుదలై వచ్చాడు. బాబు ఎదుట నిలబడి నోరు తెరిచాడు. మాట ఎంతకీ రాలేదు. నేను అందించబోతే బాబు చెయ్యెత్తి ఆపారు.

"నే... నేను అరవలేదు బాబూ."

"తెలుసు నాయనా. ఆరోజే అడగాల్సింది," అన్నారు బాబు.