పరీక్ష నాది సార్

ఈ రోజు నల్గొండలో డిగ్రీ పరీక్ష రాశాను. నాకు చూపు లేదు. నేను జవాబులు చెబుతుంటే స్వప్న అనే ఇంటర్ అమ్మాయి రాసింది. హాల్లో ఉన్న సారు మాత్రం "ఆమెకు నీళ్లు కావాల్నా? ఆమె హాల్‌టికెట్ ఏది?" అంటూ అన్నీ స్వప్ననే అడిగారు.

గంట కొట్టగానే వచ్చి, "ఇగ పేపరియ్యి బిడ్డా" అని ఆమెతోనే అన్నారు. స్వప్న భయపడి లేచింది. ఇంకా రెండు పెద్ద ప్రశ్నలున్నాయి. పేపరు మీద రెండు చేతులూ పెట్టాను.

"పరీక్ష నాది సార్, నన్నడగున్రి. మాసొంటోళ్లకు ఇంకో గంట ఇస్తరు."

"గట్లని నాకెవ్వలు చెప్పలే."

"నేను చెప్తున్న గద. ఆఫీసుల అడిగి రాండ్రి. గప్పటిదాంక మేం రాస్తనే ఉంటం."

స్వప్నను కూర్చోబెట్టి తర్వాతి జవాబు చెప్పసాగాను. ఆయన చెప్పుల చప్పుడు వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చింది.

"రాస్కో బిడ్డా, ఇంకో గంట ఉంది."

"ఎవరితోని అంటున్నరు సార్?"

"నీతోనే తల్లీ!"

రెండు ప్రశ్నలూ పూర్తిచేశాకే లేచాం. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. గొర్రెల మందను అదిలించే మా బాపు గొంతే నాకూ వచ్చింది. పరీక్ష హాల్లో అది ఇంత పనికొస్తుందనుకోలేదు. మిమ్మల్ని వదిలేసి పక్కవాళ్లను అడిగేవాళ్లకు మీరేం చెబుతారు?