లచ్చవ్వ సానరాయి

సిద్దిపేటలో మా గల్లీ పిల్లల కడుపులన్నీ లచ్చవ్వ చేతిలోనే ఉండేవి. పొద్దంతా బీడీలు చుట్టేది. ఏ పిల్లకు బేదులు పట్టినా చాట పక్కన పెట్టి, సానరాయి మీద జాజికాయ అరగదీసి, పిసరంత నల్లమందు కలిపి నాకించేది. పైసా ముట్టేది కాదు గానీ పొగడ్తను మాత్రం ఒక్కటీ వదిలేది కాదు.

ఎనభై ఆరు వానాకాలంలో పక్కింటి హుస్నాబీ ఐదేళ్ల మనవరాలు షమీమ్‌ను ఎత్తుకొచ్చింది.

"ఒకటే బేదులు లచ్చక్కా. నిన్న ఏలికపాము గూడ పడ్డది."

"పిల్లల కడుపుల పాములుండయా? ముందు బేదులు ఆగాలె," అని లచ్చవ్వ మందు నాకించింది.

సాయంత్రానికి ఆగాయి. హుస్నాబీ గల్లీ అంతా చాటింది. తెల్లారేసరికి పిల్ల పొట్ట కుండలా ఉబ్బి, పసరు వాంతులు మొదలయ్యాయి. రిక్షాలో దవాఖానకు తీసుకుపోతుంటే లచ్చవ్వ కూడా ఎక్కింది.

డాక్టరు పొట్ట నొక్కి చూసి మండిపడ్డాడు. "పేగు లోపలి పొర ఉత్త తోలు గాదమ్మా. పురుగును అదే పసిగడ్తది, ఒంట్లున్న కాపలాను లేపుతది. జిగురు, నీళ్లు వదిలి పురుగును బయటికి నూకుతది. గా బేదులు గందుకే. ఎవరో మందేసి పేగును పండవెట్టిన్రు. పాములన్నీ ఒక్కకాడ ఉండగట్టినయి. ఆపరేషనే."

హుస్నాబీ లచ్చవ్వ పేరు చెప్పలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. దొంగను తరిమే కుక్కకు తానే మూతి కట్టింది. ఆపరేషన్ గది గోడ పక్కనే నిలబడి, పిల్ల బతికితే చాలని ఎల్లమ్మకూ అల్లాకూ కలిపి మొక్కింది.

పిల్ల బతికింది. ఇంటికి తెచ్చిన రోజున లచ్చవ్వ హుస్నాబీ గడపలో కూలబడింది.

"నేనే చేసిన. నువ్వు పాము పడ్డదంటే గూడ ఇనకపోతి."

"ఎత్తుకొచ్చింది నేనే గదా," అంది హుస్నాబీ. ఇద్దరూ ఏడ్చారు.

అక్కడితో ఊరుకుంటే ఆమె లచ్చవ్వ ఎందుకవుతుంది? నల్లమందు పొయ్యిలో పడింది, సానరాయి తలుపుకు అడ్డం పడింది. కనిపించిన పిల్లనల్లా పట్టుకుని, మట్టి చేతులు సబ్బుతో రుద్దడం మొదలుపెట్టింది. పిల్లలు ఆమెను చూస్తే చాలు, పరుగే. షమీమ్ ఒక్కతే వచ్చి చేతులు చాపేది. లచ్చవ్వ తల వంచుకుని కడుగుతూనే ఉండేది.

"మట్టంతా పోయింది గదవ్వా," అనేది షమీమ్, "ఇంకెంతసేపు కడుగుతవ్?"