విల్ఫ్ దగ్గర మిగిలిన మాటలు

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవులో జీవితమంతా చేపలు కోసిన విల్ఫ్ టింగిల్ నోరు తెరిస్తే నానుడే. వాన దంచి కొడితే "పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి" అనేవాడు. తేలికైన పనిని "కేకు ముక్క" అనేవాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే "సణగకూడదు లెద్దూ" అనేవాడు, బాగానే ఉన్నానని. ఊరందరూ అనే మాటలే. పెళ్లయిన కొత్తలో భార్య నోరాకు నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చేది, ఆ తర్వాత చెవికెక్కడం మానేశాయి.

చలికాలం చివర పక్షవాతం వచ్చి అతని మాట పడిపోయింది. టీ అనలేడు, నోరా అనలేడు. మాట కోసం తడుముకుని, దొరక్క, కుర్చీ చెయ్యి మీద గుద్దేవాడు. ఆ పాత నానుళ్లు మాత్రం పోలేదు. ఏళ్ల తరబడి నలిగిన మాటలు కదా, తడుముకోకుండానే ఊడిపడేవి. అలా జరుగుతుంటుందని డాక్టరమ్మ చెప్పింది.

కూతురు లొరెయిన్ హడలిపోయింది.

"ఎండ ఫెళ్లున కాస్తుంటే పిల్లులూ కుక్కలూ అంటాడేమిటమ్మా! మతి పోయింది."

"వాన సంగతి కాదే పిచ్చిదానా. బాత్రూముకి తీసుకెళ్లమని."

"కేకు ముక్క అంటే?"

"ఆకలి. సణగకూడదు అంటే ఎక్కడో నొప్పి. అది మాత్రం ముందునుంచీ అంతే."

లొరెయిన్ నవ్వలేదు. "నీ నడుం చూసుకున్నావా? ఆయన్ను ఎన్నాళ్లు లేపుతావు?" అని, ఒక వృద్ధుల ఆశ్రమంతో మాట్లాడింది. నోరా కాదనలేకపోయింది. నడుం నిజంగానే పోతోంది. విల్ఫ్‌కు ఇంట్లో ఉండాలనుందో, ఆశ్రమానికి పోవాలనుందో తెలిస్తే చాలనుకుంది. అది చెప్పే నానుడి అతని దగ్గర ఉందో లేదో!

గురువారం ఆశ్రమం నుంచి మిసెస్ పెల్ వచ్చింది. టీ తీసుకుని, విల్ఫ్ ఎదురుగా కూర్చుంది.

"మా దగ్గరికి రావడం మీకిష్టమేనా, మిస్టర్ టింగిల్?"

విల్ఫ్ పెదాలు కదిలాయి. కుర్చీ మీద గుద్దాడు. చివరికి "సణగకూడదు లెద్దూ" అన్నాడు.

"ఒప్పుకున్నాడు!" అంది లొరెయిన్.

"ఒప్పుకోలేదు. భుజం నొప్పి," అంది నోరా.

మిసెస్ పెల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఇష్టం లేకపోతే ఏమంటారు?"

నోరా విల్ఫ్ వైపు తిరిగింది. విల్ఫ్ మెడ నిటారుగా ఎత్తాడు.

"నా శవం మీంచి వెళ్లండి!"

ఒక్క అక్షరం తొట్రుపడలేదు. మిసెస్ పెల్ కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. ముందు పగలబడి నవ్వింది లొరెయినే.

"ఇదైతే నాకూ అర్థమైంది నాన్నా!"

మాట దొరికిన సంతోషంలో విల్ఫ్ దాన్నే మళ్లీ మళ్లీ అన్నాడు.

"విన్నాంలే, రేవుదాకా వినిపించాలా?" అంది నోరా, కళ్లు తుడుచుకుంటూ.

మిసెస్ పెల్ వెళ్లాక లొరెయిన్ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. వారానికి రెండు రోజులు తను వస్తానంది. తర్వాత ముందుగది గుమ్మం దగ్గరికెళ్లి, నాన్నను మెట్లెక్కించే పని లేకుండా, మేడ మీది ఆయన మంచం అందులో పడుతుందో లేదో జానలతో కొలవడం మొదలుపెట్టింది.