మా ఆడపడుచు అడిగిన ఏడాది

మీతో పాటు విజయనగరంలో బీకాం చదువుతున్న మా ఆడపడుచు వినాయక చవితి దాటిన వారానికి పోయింది. తొమ్మిది రోజుల జ్వరం. ఆ రోజు మీలో కొందరు వచ్చారు, మిగిలినవాళ్లకు ఫోన్లో కబురు వెళ్లింది. ఆమె పేరున తలా ఒక పేజీ రాసి పుస్తకంగా కుడుతున్నామని, ఇంటి నుంచి కూడా ఒకరు రాయాలని అడిగారు. అత్తయ్య కాగితం చూస్తేనే ఏడుస్తుంది. మా ఆయన నెల్లిమర్ల మిల్లు నుంచి షిఫ్టు దిగి వచ్చి, "దాంతోటి ఎక్కువ తిరిగింది నువ్వే, నువ్వే రాయి" అన్నారు. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది, గీత మీద నిలవదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. నా దస్తూరీనీ తప్పులనూ మన్నించి చదవండి.

నేను కోడలిగా వచ్చి ఐదేళ్లయింది. ఆమె నోరు ఆగేది కాదు, నాకు నోరు లేచేది కాదు. అందుకే మాకు పడింది.

ఆమెకు ఏ వస్తువునైనా తిప్పి చూసే అలవాటు. సబ్బు కాగితం, అగ్గిపెట్టె, పప్పు సంచి, ఏదైనా వెనక్కి తిప్పి ఎక్కడ చేశారో చదివేది. పారేయనిచ్చేది కాదు. ఒకసారి అందరం రామతీర్థం వెళ్లాం. మేము కొండెక్కి దర్శనం చేసుకుని దిగేసరికి ఆమె ఇంకా కింద గాజుల కొట్ల దగ్గరే ఉంది. అత్తయ్య తిట్టబోతే నన్ను పక్కకు లాగి, "వదినా, రెండు కొట్లలోనూ అవే గాజులు. జనం మాత్రం ఈడి కాడే ఉన్నారు. ఈడు సెయ్యట్టుకుని ఏసి సూపిస్తన్నాడు. ఆడు రేటు సెప్పి కూకున్నాడు" అంది. దేవుణ్ణి చూడలేదన్న బాధ ఆమె మొహంలో ఏ కోశానా లేదు.

మీకు రెండో ఏడాది అయ్యాక మొన్న వేసవిలో ఎక్కడో ఒకచోట పని నేర్చుకుని, దాని మీద రాసి కాలేజీలో ఇవ్వాలన్నారు కదా. మీలో కొందరు బ్యాంకులకు, కొందరు బట్టల షోరూములకు వెళ్లారని చెప్పింది. తను మాత్రం మా ఇంటి మామిడి తాండ్ర ఎంచుకుంది. ఏటా మేము పోస్తాం, ఒక దళారీ వచ్చి మొత్తం ఎత్తుకుపోతాడు, అది ఎవరు తింటారో మాకు తెలియదు. ఈసారి దళారీ లేకుండా తనే కొట్లకు అమ్ముతానంది. ఉద్యోగం వద్దని, చదువయ్యాక ఇదే వ్యాపారం పెట్టుకుంటానని నాతో ఎప్పుడో చెప్పింది. మావయ్యతో మాత్రం చెప్పలేదు.

అమ్మడం నా మీద నేర్చుకుంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక నన్ను పీట మీద కూర్చోబెట్టేది. తాండ్ర ముక్క ఒకటి పళ్లెంలో పెట్టుకుని గుమ్మం అవతల నుంచి వచ్చేది.

"నువ్వు కొట్టోడివి. నాను సరుకు తెచ్చినాను. నువ్వు ఒద్దు అను."

ఆమె రెండు మాటలు చెప్పేసరికే నేను తీసుకుంటాననేదాన్ని.

"ఓలమ్మ, ఇంత మంచి కొట్టోడు జిల్లాలో ఎక్కడున్నాడే. నువ్వు ఇలగ కొనీస్తే నానేటి నేర్సుకుంటాను? ఒద్దను వదినా. ఒక్కసారి."

"ఒద్దు" అన్నాను, నేల చూస్తూ.

"నన్ను సూసి."

నెల రోజులు పట్టింది. చివరికి, మీ తాండ్ర పుల్లగా ఉంది, రంగు తక్కువ, మా కొట్లో పాతదే అమ్ముడవలేదు అని నేనూ వరసగా అనడం నేర్చాను. ఆమె చప్పట్లు కొట్టేది. అత్తయ్య పెరట్లోంచి, "ఆడపిల్లలిద్దరూ అలగ నవ్వుతారేటే, పక్కింటోలు ఏటనుకుంటారు" అనేది. మీ కాలేజీ మాస్టారు చెప్పారంటూ ఆమె ఒక మాట తరచూ అనేది: "వద్దనిపించుకోడం ముందు నేర్సుకోవాల. అమ్మడం తరవాత అదే వస్తాది."

ఆ వేసవిలోనే సంబంధం వచ్చింది. గజపతినగరంలో సొంత ఇల్లు, అబ్బాయి మంచివాడు. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుందామని, చదువు సంగతి పెళ్లయ్యాక తమ ఇష్టమని అబ్బాయి తరపువాళ్లు అన్నారు. అప్పుడు ఆమె బయటపడింది. డిగ్రీ అయ్యేదాకా, ఇంకొక్క ఏడాది, తనను ఎవరికీ చూపించవద్దంది. వ్యాపారం చేస్తానంది. మావయ్య కోపపడలేదు. ఆయన కోపపడే మనిషి కాదు.

"సరే అమ్మా. ఈ ఏడు తాండ్ర నువ్వే అమ్ము. అమ్మినావంటే నీ ఏడాది నీది. నేదంటే ఆలు పెళ్లిసూపులకి వస్తారు, నువ్వు కూకోవాల" అన్నారు.

విజయనగరంలో ఒక మిఠాయి కొట్టాయన తీసుకుంటానన్నాడు. పద్దెనిమిది చాపల తాండ్ర, నెలాఖరుకి. తాండ్ర పోయడం మీలో చూసినవాళ్లు తక్కువ ఉంటారు. పండు రసం వడకట్టి తాటాకు చాప మీద పల్చగా పోసి ఎండబెడతాం. ఆ పొర బాగా ఆరాకే మర్నాడు దాని మీద ఇంకో పొర. బొటనవేలు మందం రావాలంటే నెల పైన పడుతుంది. మబ్బు పడితే ఆ రోజు పోయకూడదు. ఈ ఏడు మబ్బులు ముందే వచ్చాయి. గడువు దగ్గరపడుతోంది. ఆమె పొద్దున ఒక పొర, మధ్యాహ్నం ఇంకో పొర పోసింది. నేను వేలి వెనక భాగం ఆనించి చూశాను. కింద తడి తెలిసింది. మాట నోటి దాకా వచ్చింది. చదువుకున్న పిల్ల, లెక్కచూసే చేస్తోందిలే, నేనెవరిని చెప్పడానికి అనుకున్నాను. రసం గిన్నె నేనే అందించాను.

నెలాఖరుకి సరుకు పట్టుకెళ్తే, కొట్టాయన ఆమె ముందే చాప మధ్యలో కోసి చూపించాడట. లోపల తెల్లగా బూజు. ఆ సాయంత్రం ఆటోలో చాపలన్నీ తిరిగి వచ్చాయి. ఆమె కాళ్లు కడుక్కోకుండా పెరట్లో కూర్చుంది. నేను నీళ్లు పట్టుకెళ్లాను.

"వదినా, నీకు తెలుసా ఇది?"

తెలుసన్నాను. తిడుతుందనుకున్నాను. నా చేతుల వంక చూసింది.

"కొట్టోడి కన్నా ముందు నువ్వు ఒద్దనాల గదా" అంది. "ఇంట్లో ఒద్దంటే ఒక సాప పోతాది. బజార్లో ఒద్దంటే పేరు పోతాది."

అంతే. ఆ మాట నాకు ఐదు తరగతుల కన్నా ఎక్కువ.

మర్నాడు పొద్దున మావయ్య చద్దన్నం తింటూ, "అయిపోనాది గదా అమ్మా. ఆదివారం రమ్మంటాను ఆలని" అన్నారు. ఆమె తల దించుకుంది. మాటకు కట్టుబడింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఒద్దు మావయ్యా. తడి నాను సూసినాను. సెప్పనేదు. తప్పు నాది. ఆల్ని రమ్మనొద్దు."

అత్తయ్య నోరు తెరిచింది. మావయ్య ముద్ద కంచంలో పెట్టేశారు.

"ఐదేళ్లయినాది నువ్వొచ్చి. నీ గొంతు ఇదే వినడం నాను" అన్నారు. తర్వాత కూతురి వైపు తిరిగి, "మీ వదినే అడిగినాది, ఇంకేటి సెయ్యమంటావు. ఏడాది తీసుకో" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఆమె నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, "ఇంత గొంతు ఎక్కడ దాసినావే, పోపులడబ్బాలోనా" అని నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చింది.

తోటలో చివరి కాయలతో నాలుగు చాపలు పోశాం. మధ్యలో మబ్బు పట్టి వారం ఆగాం. తడి ఉందని రెండుసార్లు నేను వద్దన్నాను, రెండుసార్లూ ఆగింది. ఆ నాలుగూ పట్టుకుని ఆ కొట్టుకే వెళ్లింది, నన్ను కూడా తీసుకెళ్లింది. "మళ్లీ వచ్చినావేటమ్మా" అన్నాడాయన. ముందు మీరే కోసి చూడండి, తర్వాతే మాట్లాడతానంది. ఆయన నాలుగు చాపలూ నాలుగు చోట్ల కోశాడు. అన్నీ తీసుకున్నాడు. తిరుగు బస్సులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను చూసింది అప్పుడొక్కసారే. మళ్లీ ఆసుపత్రిలో.

జ్వరం నాలుగో రోజు మాత్రం కొంచెం తెలివిగా ఉండి, వచ్చే ఏడు ఎన్ని చాపలు వేయొచ్చని నన్ను అడిగింది. ముప్పై అన్నాను. "తక్కువ సెప్తన్నావు" అంది. ఆ తర్వాత సరిగా మాట్లాడలేదు.

మీరు ఆమెను మర్చిపోకుండా రాస్తున్నారు. మీకు నా దండాలు. నేను పుస్తకం కోసమని ఇంకోటి, చిన్నది, విడిగా రాసి ఇస్తాను. అందులో ఆమె నవ్వు, చదువు, అవే ఉంటాయి. ఇది మాత్రం కుట్టకండి. ఎందుకో చెప్పి ఆపేస్తాను.

పోయిన మంగళవారం శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన వచ్చాడు. ఆయనకు సంగతి తెలియదు. అరుగు మీద మావయ్య పక్కన కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసి, మీ అమ్మాయికి ఇదీ సంబంధం అన్నాడు. నేను మజ్జిగ గ్లాసుతో తలుపు వెనక ఆగిపోయాను. మావయ్య ఆ కాగితం తీసుకుని మొత్తం చదివారు. మడత పెట్టి ఆయన చేతికే ఇచ్చారు.

"మా పాప ఏడాది ఆగమన్నాది బాబూ. మాట ఇచ్చినాను. ఇంకా ఆరు నెలలున్నాది" అన్నారు.

ఆయన సరేనని, తర్వాతే వస్తానని మజ్జిగ తాగి లేచాడు. మావయ్య వీధి మలుపు దాకా వెళ్లి బస్సెక్కించి, బస్సు కనపడకుండా పోయాక కూడా అక్కడే నిలబడ్డారు. నేను విన్నట్టు ఆయనకు తెలియదు. తెలియకూడదు. అందరూ చదవడం అయ్యాక ఈ కాగితాలను దయచేసి కాల్చేయండి.