సాక్ష్యం చెప్తామని వచ్చినవాళ్లు

మా ఆయన కోకాపేటలో ఆఫీసు టవర్ల దగ్గర తోటపని మేస్త్రీగా చేసేవారు. అనంతపురం వైపు నుంచి వచ్చిన కొత్తలో దొరికిన పని అది, అందులోనే ఉండిపోయారు. గోడల వెంబడి గడ్డి మొలవకుండా వీపుకు ట్యాంకు తగిలించుకుని మందు కొట్టేవారు. ఆయన కింద పనిచేసే ఆడవాళ్లూ అంతే. సాయంత్రం చొక్కా నానబెడితే బకెట్ అంతా ఆ మందు వాసనే.

మెడ మీద గడ్డలు లేచాయి. దవాఖానలో క్యాన్సర్ అన్నారు. ఏం పని చేస్తారని అడిగిన డాక్టరమ్మ, గడ్డి మందు మాట వినగానే రాయడం ఆపేసింది.

"దానివల్లేనని నేను కచ్చితంగా చెప్పలేనండి. ఒకసారి లాయరును కలవండి."

ఆయన్ని పనిలో పెట్టిన కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే, మందుకూ రోగానికీ ఏం సంబంధమని ఫోన్ పెట్టేశాడు.

మదీనాగూడలో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మాకు ఆశలు పెట్టలేదు. "మందుతోనే రోగమొచ్చిందని నిరూపించుడు కష్టమమ్మా. కానీ గ్లౌజులు, మాస్కులు ఇయ్యకుండ కొట్టించిన్రని పక్కన పనిచేసినోళ్లు చెప్తే బలముంటది," అంది.

బయటికొచ్చాక మా ఆయన తల అడ్డంగా ఊపారు. "ఎవురొస్తారు మే? వాళ్లింకా ఆడే పని చేస్తాండారు. వాళ్లనడగొద్దు."

ఆయనకు తెలియకుండా నేను ఆయన కింద పనిచేసే ఒకామెకు ఫోన్ చేశాను. విషయమంతా విని, ఆదివారం లాయరమ్మ దగ్గరికి వస్తానని మాత్రం అంది.

ఆదివారం కాగితాలేవో ఇవ్వాలని చెప్పి ఆయన్ని తీసుకెళ్లేసరికి లాయరమ్మ ఆఫీసు మెట్ల నిండా ఆడవాళ్లు. పని మానేసి ఊరెళ్లినవాళ్లు కూడా బస్సెక్కి వచ్చారు.

"పని పోతే ఎట్లమ్మా?" అని మా ఆయన అడిగారు.

నేను ఫోన్ చేసినామె లేచి నిలబడింది. "పోతే ఇంకోటి చూసుకుంటమన్నా. మూతికి కట్టుకోనీకి గుడ్డ లేకపోతే నీ తువ్వాల చింపి మాకిస్తివి. నువ్వు మాత్రం ఏం కట్టుకోకుండ అట్లనే మందు కొడ్తివి. ఇగ మేం చెప్పకుంటే ఎవరు చెప్తరు?"

ఒక్కొక్కరే లోపలికెళ్లి చెప్పారు. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ తడబడలేదు. అంత ధైర్యం ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నారా అని చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చాక మా ఆయన చెప్పులు విప్పి గడప మీదే కూర్చున్నారు. "ఇంతమందికి కావాల్సినోణ్ణని నాకు తెలీదు మే," అన్నారు.

కేసు ఇంకా నడుస్తోంది. గెలుస్తామో లేదో లాయరమ్మ ఇప్పటికీ చెప్పదు. దవాఖానలో చేస్తున్న చికిత్సతో ఆయన మెడ మీది గడ్డలు చాలావరకు కరిగాయి. ఆ ఆడవాళ్లలో ఇద్దరి పని పోయింది. అయినా ప్రతి వాయిదాకూ ఎవరో ఒకరు వచ్చి ఆయన పక్కన కూర్చుంటారు.