‘ఉన్న’ అంటే నమ్మని మస్తాన్ సార్

ట్యాంకు మూత తీయగానే తడి తుప్పు వాసన ముక్కుకు కొడుతుంది. సౌదీలోని జుబైల్‌లో ఏళ్ల తరబడి పీలుస్తున్న వాసనే అయినా, తగిలిన ప్రతిసారీ నాకు మస్తాన్ సార్ గుర్తొస్తాడు. కడప మనిషి. ట్యాంకుల్లోకి దిగి పనిచేసేవాళ్లకు సేఫ్టీ కోర్సు చెప్పేవాడు. అది పాసైతేనే, ఫ్యాక్టరీ ఆపి ట్యాంకులు బాగుచేసే షట్‌డౌన్ పని. లేకపోతే నేను ఇంటిదారి పట్టాల్సిందే.

మొదటి రోజు పన్నెండు మందిమి షెడ్డులో కూర్చున్నాం. “రేపట్నుంచి నాలుగు దినాలు పాఠం ఫోన్లో. అయిదో దినం ఈడికే వచ్చి, ఈ ఖాళీ ట్యాంకులో దిగల్ల. రెండుచోట్లా మధ్యమధ్యలో పేరు పిలుస్తా. ‘ఉన్న’ అని పలకొద్దు. ఎదురుగా ఏం కనపడతాందో చెప్పండి,” అన్నాడు సార్.

నాకు అసలే నోరు ఆగదు. “ఉన్న అంటె ఏమైతది సార్? ఉన్నోడే గద అనేది!” అన్నాను. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. “లేనోడు గూడా అంటాడు నాయనా. అది నోటికి పడిన అలవాటు. మనిషి పోయినా నోరు పలుకుతాది,” అన్నాడు.

ఫోన్ క్లాసులో నేను వెధవ తెలివి చూపించాను. డ్యూటీ దిగి వచ్చి నిద్ర ఆపుకోలేక, “గోడ కనవడ్తుంది సార్” అని గొంతు రికార్డు చేసి, నాతోపాటే కోర్సులో చేరిన రూమ్మేటు రాజన్న చేతికి ఫోన్ ఇచ్చి పడుకున్నాను. నా పేరు పిలిచినప్పుడల్లా అతను అదే వినిపించాడు. రెండుసార్లు నడిచింది. మూడోసారి సార్‌కు దొరికిపోయాం. “గంగారాం గొంతొచ్చింది. ఊపిరి రాలేదు. మనిషి బతికుండాడా, పోయి చూడండప్పా,” అన్నాడట. రాజన్న హడలిపోయి నన్ను కుదిపి లేపాడు. నేను సిగ్గులేకుండా పకపకా నవ్వాను. ఆ తప్పుకు సార్ నన్ను కోర్సులోంచి తీసేయాల్సింది, కానీ తీసేయలేదు.

అయిదో రోజు నాకు తాడు కట్టి ట్యాంకులోకి దింపారు. పైనుంచి సార్ పిలిచాడు. “గంగారాం, ఏం కనపడతాంది?” “నిచ్చెన సార్.” అంతవరకే నాకు గుర్తు. మిగతాది రాజన్న చెప్పాడు. సార్ రెండోసారి అడిగితే “ఉన్న సార్” అని వినిపించిందట. “ఏం కనపడతాందిరా?” “ఉన్న సార్.” గొంతు స్పష్టంగా, హాయిగా ఉందట. వేళాకోళమాడుతున్నానని అందరూ నవ్వుతుంటే, సార్ ఒక్క కేక పెట్టి తాడు లాగించాడు. పైకి తీసేసరికి నా కళ్లు తేలిపోయాయి, ముఖం నీలమైందట. పెదవులు మాత్రం “ఉన్న సార్, ఉన్న సార్” అంటూనే ఉన్నాయట. లోపల గాలి చెడిందని, పొద్దున దాన్ని కొలిచిన మీటరు పాడైపోయి ఉందని తర్వాత తేలింది.

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి సార్ మంచం పక్కనే ఉన్నాడు. “పలికింది నేను గాదు సార్, నాకేం తెల్వది,” అని ఏడ్చాను. “తెలుసు నాయనా. జెద్దాలో మా తమ్ముడు గూడా ట్యాంకులోంచి అట్లే పలికినాడు. నేను నమ్మి తాడు లాగలేదు,” అన్నాడు. నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

సార్ ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఊరికి వెళ్లిపోయాడు. కొత్తవాళ్లకు సార్ మొదటి రోజు చెప్పిన మాటలు ఇప్పుడు నేనే చెబుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వుతారు, నేను కోప్పడను. ఫోన్లో నా మాట ఆగితే, జగిత్యాల నుంచి నా భార్య “ఉన్నవా?” అంటుంది. “బకెట్ ఉంది, చాప ఉంది, తలుపు ఉంది,” అంటాను. “పిచ్చి లేసిందా నీకు?” అని ఆమె నవ్వుతుంది. నేను మాత్రం ఊపిరి బిగబట్టి వింటాను, ఇప్పుడు పలికింది నేనేనా అని.